ప్రవాసమునకు ఏ దేశము మేలు?

ప్రతి సంవత్సరమును పరీక్షాఫలితములు వెలువడు దినములలో కొందరు తలిదండ్రులు మా యొద్దకు వచ్చి యొక ప్రశ్న నడుగుచుందురు. "అయ్యా, మావానిని ఏ దేశమునకు పంపిన బాగుపడును?" అనునదే యా ప్రశ్న. గడచిన వేసవిలో నొక రైతు అట్లే వచ్చెను. ఆయన పెద్దకుమారుడు మన పాఠశాలలో పదవ తరగతి ముగించి, ఐ.టి.ఐ.లో విద్యుత్తుపని నేర్చినవాడు. తనకున్న రెండెకరముల మాగాణి నమ్మి కుమారుని పరదేశమునకు పంపదలచితిననియు, ఊరిలో నొకరు గల్ఫు మేలనిరనియు, మరియొకరు కెనడా మేలనిరనియు, ఎవరి మాట నమ్మవలయునో తోచకున్నదనియు ఆయన చెప్పెను. రెండెకరముల పొలముతో ముడిపడిన ప్రశ్నకు ఒక్కమాటలో బదులు చెప్పుట న్యాయము కాదని తలచి, మరల రమ్మని చెప్పి పంపితిమి. ఆ పిమ్మట మేము చదివి, విని, ఆలోచించి తెలిసికొన్నదానిని మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

మొదట నొక సంగతి గుర్తింపవలయును. దేశములకు వరుస లేర్పరచి, ఇది ప్రథమము, ఇది ద్వితీయము అని ప్రకటించు పట్టికలు నేడు పత్రికలలో తరచుగా కనబడుచున్నవి. ఐక్యరాజ్యసమితివారు 1990 మొదలు మానవాభివృద్ధి సూచికను ప్రకటించుచున్నారు. అది ఆయుర్దాయము, విద్య, ఆదాయము అను మూడింటిని కొలుచును. నార్వే, స్విట్జర్లాండు, ఐస్లాండు అందు ఎప్పుడును పైవరుసలలోనే యుండును. ప్రజల సంతోషమును లెక్కించు మరియొక పట్టికలో 2018 మొదలు 2025 వరకు ఫిన్లాండు దేశమే ఏటేట ప్రథమస్థానము పొందెను. ఈ లెక్కలు అబద్ధములు కావు. అయితే అవి కొలుచునది ఆ దేశమున నున్న జనులందరి సగటు స్థితిని. అందు అత్యధికులు అచ్చట పుట్టి పెరిగినవారే. రేపు ఉదయమున విమానము దిగి, చేతిలో నొక కాగితముతో నిలుచుండు పరదేశికి అచ్చట ఎట్టి స్థితి కలుగునో యవి చెప్పవు. ఇల్లు ఎంత అందముగా నున్నను, అందు మనము యజమానులమా, అద్దెకున్నవారమా, రెండు దినముల అతిథులమా అనుదానిని బట్టియే మన సుఖదుఃఖములుండును. కావున "ఏ దేశము సంపన్నము?" అను ప్రశ్నను ప్రక్కనుంచి, "ఏ దేశమున మనము ఏ హక్కుతో నిలువగలము?" అని యడుగుట మంచిదని మా యభిప్రాయము.

ఈ మాటకు మన తెలుగువారి చరిత్రయే సాక్ష్యము. పూర్వము కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి వేలకొలది జనులు ఓడలెక్కి బర్మాకు పోవుచుండిరి. కోరంగి రేవు పేరునుబట్టి రంగూనులో తెలుగు కూలీలను "కోరంగీలు" అని పిలిచెడివారు. వారు రేవులో బస్తాలు మోసిరి, ధాన్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి, కోతలకాలమున పొలములలో దిగిరి. మేస్త్రీలు ముందుగా బయానా యిచ్చి వారిని తీసికొనిపోవుచుండిరి. 1931 నాటి జనాభా లెక్కలలో బర్మాయందు పదిలక్షలకు పైగా భారతీయులుండిరి. రంగూను నగరమున సగమునకు మించి భారతీయులే. ఆ దినములలో మన తీరగ్రామములవారిని "ఏ దేశము మేలు?" అని అడిగియున్నచో, సందేహింపక "రంగూను" అని యుందురు.

తరువాత నేమి జరిగెను? 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె సందర్భమున పుట్టిన అల్లరులలో తెలుగువారనేకులు ప్రాణములు కోల్పోయిరి. 1937 లో బర్మా భారతదేశమునుండి వేరుచేయబడెను. నిన్నటి స్వదేశీయుడు నేడు పరదేశి యయ్యెను. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడగా, లక్షలకొలది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. మార్గమధ్యమున ఆకలిచేతను, వ్యాధులచేతను మరణించినవారెందరో! మిగిలినవారికిని, మరల పోయినవారికిని 1962 నాటి సైనికపాలన పిమ్మట మరియొక దెబ్బ తగిలెను. 1964 లో దుకాణములు జాతీయము చేయబడెను; పెద్దనోట్లు చెల్లనివాయెను. వారిలో అనేకులు రిక్తహస్తములతో తిరిగివచ్చిరి. బర్మా పేదదేశ మగుటచేత వారు చెడలేదు. వారికి అచ్చట సంపాదన యుండెను గాని, ఆ నేలపై నిలుచు హక్కు స్థిరముగా లేకుండెను.

దీనికి భిన్నమైన యుదాహరణమును కలదు. 1860 లో "ట్రూరో" అను ఓడ చెన్నపట్టణమునుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఒప్పందపు కూలీలను మొట్టమొదట చేర్చెను. అట్లు పోయినవారు చెరకు తోటలలో పడిన కష్టములు చెప్పనలవికానివి. అయినను, కొన్ని తరములకు వారి సంతతి ఆ దేశపు పౌరులైరి. 1931 లో అచ్చట ఆంధ్ర మహాసభ స్థాపింపబడెను. మారిషసు ద్వీపమునకు పోయినవారి సంతతియు నిట్లే ఆ దేశపు పౌరులుగా నున్నారు. అచ్చటి పాఠశాలలలో నేటికిని తెలుగు బోధింపబడుచున్నది. ఒకచోట మంచి కూలి దొరకియు నిలువలేకపోయిరి. మరియొకచోట హీనమైన కూలితో మొదలుపెట్టియు నిలిచిరి. ప్రవాసము పోవు ప్రతివాడును ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచుకొని చూడవలయును.

ఇక నేటి దేశముల సంగతి విచారింతము. ప్రవాసము మూడు విధములు. కొన్ని సంవత్సరములు పనిచేసి ధనము కూడబెట్టి తిరిగివచ్చుట మొదటిది. విద్యకై పోవుట రెండవది. కుటుంబముతో స్థిరపడుట మూడవది. ఒకదానికి మేలైన దేశము మరియొకదానికి మేలు కాకపోవచ్చును.

గల్ఫు దేశములు మొదటి విధమునకు చెందినవి. సౌదీ అరేబియా, యు.ఏ.ఇ., కువైటు, ఖతారు, ఒమాను, బహ్రెయిను అను నీ ఆరు దేశములలోను కూలివాని జీతముపై ఆదాయపు పన్ను లేదు. (ఒమాను 2028 నుండి అధికాదాయము కలవారిపై మాత్రము పన్ను విధింప నిశ్చయించినది.) మన ఊరికి కొన్ని గంటల ప్రయాణము, భారతీయ పాఠశాలలును ఉన్నవి. కాని అచ్చట పరదేశికి పౌరసత్వము దొరకుట మిక్కిలి యరుదు. ముప్పది సంవత్సరములు పనిచేసినను, పని ముగియగానే సామాన్యముగా తిరిగి రావలసినదే. అదియునుగాక, "కఫాలా" అను పద్ధతిచే కూలివాని నివాసపు అనుమతి యజమానికి కట్టివేయబడియుండెను. యజమాని సమ్మతి లేనిదే వేరొక పనికి పోరాదు. కొన్నిచోట్ల దేశము విడిచి పోవుటకును వీలు లేకుండెను. ఈ కట్టు ఇటీవల కొంత సడలినది. ఖతారు 2020 లో యజమాని సమ్మతిపత్రము లేకయే పని మారుటకు అనుమతించెను. సౌదీ అరేబియా 2021 మార్చి నుండి కొన్ని నియమములతో అట్టి సౌకర్యమునే కల్పించెను. కాని ఇండ్లలో పనిచేయువారికి అది వర్తింపలేదు. కావున ఇంటిపనికై పోవు స్త్రీల విషయమున తలిదండ్రులును, భర్తలును రెండింతలు జాగ్రత్త వహింపవలయును. కువైటు చరిత్రమును మరువరాదు. 1990 ఆగస్టులో ఇరాకు సేనలు ఆ దేశము నాక్రమింపగా, సుమారు 1,70,000 మంది భారతీయులను విమానములలో స్వదేశమునకు చేర్చవలసివచ్చెను. బ్యాంకులోని ధనము, సామాను, పాత జీతపు బాకీలు అచ్చటనే నిలిచిపోయినవారనేకులు.

అమెరికా సంయుక్తరాష్ట్రములు జీతములయందు మిన్న. మన యువకులు అచ్చటకు పోవు ముఖ్యమార్గము హెచ్-1బి యను వీసా. ఏడాదికి 65,000, అమెరికాలో ఉన్నతపట్టము పొందినవారికి మరి 20,000 - వెరసి 85,000 కొత్త వీసాల పరిమితి కలదు. కోరువారెక్కువ యగుటచే చీట్లు తీయు నాచారము వచ్చినది. వీసా మూడేండ్లకిచ్చి, సామాన్యముగా ఆరేండ్లవరకు పొడిగింతురు. శాశ్వత నివాసమునకు గ్రీన్ కార్డు కావలయును. ఉద్యోగమును బట్టి ఇచ్చు గ్రీన్ కార్డులు ఏటికి సుమారు 1,40,000. ఏ యొక్క దేశమువారికిని నూటికి ఏడింటికి మించి యీయరాదని నియమము. చిన్నదేశమునకును మన దేశమునకును అదే కొలత యగుటచే, మనవారు పది సంవత్సరములకు పైగా వేచియుండవలసివచ్చుచున్నది. ఆ నడుమ ఉద్యోగము పోయినచో, వేరొక ఉద్యోగము వెదకికొనుటకు 60 దినములే గడువు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి కోరికలపై లక్ష డాలర్ల రుసుము విధించుచు అచ్చటి అధ్యక్షుని ప్రకటనము వెలువడెను. జీతము పెద్దదైనను, నిలుచు నేల యిరుకని దీనివలన తెలియగలదు.

కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశముల మార్గము వేరు. కెనడా 1967 లో మార్కుల పద్ధతిని స్థాపించెను. వయస్సు, విద్య, భాష, పని అనుభవము - వీనికి మార్కులు వేసి, ఎక్కువ వచ్చినవారికి మొదటినుండియు శాశ్వత నివాసపు హక్కు నిత్తురు. విద్యార్థులారా, ఇది మీకు తెలిసిన పరీక్షవంటిదే. శాశ్వతనివాసి యైనవాడు ఐదేండ్లలో 1,095 దినములు ఆ దేశమున నున్నచో పౌరసత్వమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఆస్ట్రేలియాలోను అట్టి మార్కుల పద్ధతియే కలదు. నాలుగేండ్ల న్యాయసమ్మతమైన నివాసము, అందు కడపటి సంవత్సరము శాశ్వతనివాసిగా నుండుట పౌరసత్వమునకు కావలయును. న్యూజీలాండులో 1975 మొదలు శాశ్వతనివాసులకు పౌరసత్వము లేకున్నను ఓటుహక్కు కలదు. అయితే ఈ దేశములలో పన్నులెక్కువ, ఇంటియద్దె లెక్కువ. మన దేశపు వైద్యపట్టము, న్యాయపట్టము అచ్చట వెంటనే చెల్లవు. మరల పరీక్షలు వ్రాయవలయును. ఇచ్చట ఇంజనీరై అచ్చట కొన్నాళ్లు సామాను మోసినవారు కలరు. ఆ కాలమును ముందుగా లెక్కలో వేసికొన్నవారికి అది అవమానముగా తోచదు.

జర్మనీ దేశమున ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలవరకు బోధనరుసుము లేదు. (బాడెన్-వుర్టెంబెర్గు రాష్ట్రమున మాత్రము ఐరోపా కూటమికి వెలుపలివారికి అర్ధసంవత్సరమునకు 1,500 యూరోలు కలవు.) అయినను తిండికిని బసకును ధనమున్నదని చూపుటకై, 2024 సెప్టెంబరు నుండి సంవత్సరమునకు 11,904 యూరోలు ముందుగా బ్యాంకులో నుంచవలసి యున్నది. ధనహీనుడైన తెలివిగల విద్యార్థికి ఇది చాల పెద్ద మొత్తమే. కాని రుసుముతో కూడిన యితర దేశముల ఖర్చుకంటె తక్కువ.

చట్టములు స్థిరముగా నుండవని కూడ నెరుగవలయును. 1914 లో "కొమగాట మారు" అను ఓడలో 376 మంది ప్రయాణికులు కెనడాలోని వాంకూవరు రేవు చేరగా, రెండునెలలు నీటిపైననే నిలిపి, అత్యధికులను తిరుగగొట్టిరి. నేడు ఆ దేశమే భారతీయులను వేలకొలది చేర్చుకొనుచున్నది. ఆస్ట్రేలియా 1901 లో తెల్లవారు కానివారికి మూసిన తలుపును 1973 నాటికి పూర్తిగా తెరచెను. అమెరికా 1946 లో భారతీయులకు ఏటికి 100 మందికి మాత్రమే చోటిచ్చెను. మరియొకవైపు చూచినచో, జర్మనీ 2024 జూనులో పౌరసత్వపు గడువును ఎనిమిదేండ్లనుండి ఐదేండ్లకు తగ్గించి, విశేష యోగ్యత కలవారికి మూడేండ్లు చాలుననెను. మరుసటి సంవత్సరమే ఆ మూడేండ్ల మార్గమును రద్దుచేసెను. కెనడా 2024 జనవరిలో విదేశీ విద్యార్థుల సంఖ్యకు పరిమితి విధించెను. కావున పదేండ్ల క్రిందట పోయిన బంధువు చెప్పిన మాట నేటికి చెల్లదు. ఆ దేశ ప్రభుత్వమువారు నేడు ప్రకటించిన నియమమునే చదువవలయును.

ఇప్పుడు లెక్కకు వత్తము. మన గ్రామములలో ప్రవాసమునకు పోవువారిని ముంచునది పరదేశము కాదు, బయలుదేరుటకు ముందే చేసిన అప్పు. ఒక యుదాహరణము చెప్పెదము. విద్యార్థులు దీనిని తామే వేసి చూచుకొనవచ్చును. ఒకడు దళారికి మూడు లక్షల రూపాయలిచ్చుటకై నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు చేసెననుకొందము. జీతము నెలకు 25,000 రూపాయలు. తన తిండికిని, ఇతర ఖర్చులకును 7,000, ఇంటివారికి 8,000, మిగులునది 10,000. మొదటినెల వడ్డీయే 6,000. అసలునకు చేరునది 4,000 మాత్రమే. నెలనెలకు ఆ పదివేలు తప్పక కట్టినను, రెండేండ్ల ఒప్పందము ముగియునాటికి ఇంకను సుమారు 1,78,000 రూపాయల అప్పు మిగిలియుండును. అప్పు పూర్తిగా తీరుటకు దాదాపు 47 నెలలు పట్టును. నడుమ నొక నెల జీతమాగినను, జ్వరము వచ్చినను, ఈ లెక్క చెడును. రెండేండ్లు ఎడారి యెండలో పనిచేసి, ఇంకను అప్పుతోనే తిరిగివచ్చుట ఎంత దుఃఖకరము!

మన దేశపు నియమము ననుసరించి, ప్రభుత్వమున నమోదైన ఏజంటు సేవారుసుముగా 30,000 రూపాయలును, దానిపై పన్నును మించి తీసికొనరాదు. ఇది తెలియని వారే మూడు లక్షలిచ్చుచున్నారు. ఏజంటు నమోదైనవాడా కాడా అనునది విదేశాంగశాఖవారి "ఈ-మైగ్రేట్" పట్టికలో చూచుకొనవచ్చును. 1983 నాటి వలస చట్టమును బట్టి, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు మొదలగు కొన్ని దేశములకు పనికై పోవునపుడు వలస సంరక్షకాధికారి యనుమతి పొందవలయును. ఇది మనవారిని ఆపుటకు గాక, ఒప్పందమును పరిశీలించి కాపాడుటకు ఏర్పడినది. అట్టివారికి పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రుసుము రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు మాత్రమే. సందర్శకుల వీసాపై పంపి, "పోయిన పిమ్మట పని వీసాగా మార్చెదము" అని చెప్పువాని మాట వినరాదు. అట్లు పోయినవానికి ఒప్పందము లేదు, బీమా లేదు, చట్టము అండ లేదు. సంతకము చేసిన ఒప్పందపు ప్రతి యొకటి ఇంటియొద్దను, ఒకటి తన యొద్దను ఉండవలయును. జీతము, పనిగంటలు, బస, తిరుగు ప్రయాణపు ఖర్చు అందు వ్రాసియుండవలయును.

జీతమును చూచునపుడు ఆరోగ్యమును కూడ చూడవలయును. అమెరికాలో వైద్యపు ఖర్చు మిక్కిలి యధికము. బీమా తరచుగా ఉద్యోగముతోనే ముడిపడియుండును. ఇంగ్లండులో 1948 లో నెలకొన్న జాతీయ వైద్యసేవ కలదు గాని, అచ్చటకు పోవువారు 2024 ఫిబ్రవరి మొదలు వీసాతోపాటు పెద్దవారొక్కరికి ఏటికి 1,035 పౌనులు ముందుగా చెల్లింపవలసి యున్నది. యు.ఏ.ఇ.లో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు మూడుగంటలవరకు ఎండలో పని చేయింపరాదని నియమము. ఇట్టి నియమము కావలసివచ్చిన ఎండ ఎట్టిదో ఊహించుకొనుడు. ఫిన్లాండు ఉత్తరభాగమున శీతకాలమందు కొన్ని వారములు సూర్యుడే ఉదయింపడు. పట్టికలో ప్రథమస్థానమున నున్న దేశము మన శరీరమునకు సరిపడునో లేదో మనమే చూచుకొనవలయును.

భాష మరియొక ముఖ్యవిషయము. ఇందు మన సీమకు వచ్చిన యొక ప్రవాసియే మనకు గురువు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఉద్యోగార్థము 1820 లో కడపకు వచ్చెను. వచ్చిన పిమ్మట తెలుగు నేర్చెను. పండితులను కూర్చుకొని వ్రాతప్రతులను పరిష్కరింపజేసెను. 1852 లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. ఆయనతోపాటు మన జిల్లాలలో కొలువుచేసిన దొరలు పలువురు కలరు. వారిలో అనేకుల పేర్లు నేడెవరికిని తెలియవు. భాష నేర్చినవానికి పరదేశము సగము స్వదేశమగును. జర్మనీకి పోదలచినవాడు ఇచ్చటనే జర్మను భాష మొదలుపెట్టవలయును. అరబ్బుదేశములకు పోవు కూలివాడు సయితము నూరు మాటలు నేర్చినచో, యజమాని చెప్పునదియు, తాను సంతకము చేయునదియు కొంతకు కొంత గ్రహింపగలడు.

కడపట, తిరిగివచ్చు ద్వారమును గూర్చి చెప్పవలయును. మన రాజ్యాంగము రెండు పౌరసత్వములను ఒప్పుకొనదు. పరదేశ పౌరసత్వమును స్వయముగా స్వీకరించినవాడు భారత పౌరసత్వము కోల్పోవును. అట్టివారికై 2005 లో "ఓవర్సీస్ సిటిజన్" కార్డు పద్ధతి యేర్పడినది. ఆ కార్డు గలవారు వీసా లేకయే జీవితాంతము వచ్చిపోవచ్చును, ఇచ్చట నివసింపవచ్చును. కాని వారికి ఓటు లేదు. వ్యవసాయ భూమిని కొనుటకు సామాన్యముగా వీలులేదు. వారసత్వముగా వచ్చిన పొలమును మాత్రము ఉంచుకొనవచ్చును. అనగా, పరదేశమునకు పోవుటకై నేడు పొలమమ్మినవాని కొడుకు, రేపు ఆ దేశపు పౌరుడై ఎంత ధనము గడించినను, ఆ పొలమును తన పేర మరల కొనలేడు. ఈ విషయము తెలిసి అమ్మువారు కొద్దిమందియే యని తోచుచున్నది.

ఆ రైతు మరల వచ్చినపుడు మేము ఆయనతో నిట్లంటిమి: "అయ్యా, అందరికిని మేలైన దేశము లేదు. మీవాడు నాలుగేండ్లు పనిచేసి ధనముతో తిరిగి రావలయునన్నచో గల్ఫు చాలును. కాని అప్పు లేకుండ, నమోదైన ఏజంటుద్వారా, వ్రాతపూర్వకమైన ఒప్పందముతో పోవలయును. కుటుంబముతో స్థిరపడవలయునన్నచో మార్కులనుబట్టి హక్కునిచ్చు దేశము మేలు. దానికి మీ పొలముకంటె అతని ఇంగ్లీషును, పని అనుభవమును ఎక్కువ పనికివచ్చును. పైచదువు కావలయునన్నచో జర్మనీవంటి దేశమును చూడవచ్చును. ఏ దేశమైనను ఈ ఐదు ప్రశ్నలడుగుడు: అచ్చట ఎన్నాళ్లు నిలువవచ్చును? పని మారవచ్చునా? భార్యాబిడ్డలను తీసికొనిపోవచ్చునా? ఖర్చులుపోగా ఏమి మిగులును? చెడినచో ఏ మార్గమున తిరిగి రావచ్చును? ఈ ఐదింటికిని స్పష్టమైన బదులు దొరకిన దేశమే మీవానికి మేలైన దేశము."

ఆయన చాలసేపు మాటలాడక కూర్చుండెను. పిమ్మట, "అట్లయిన పొలము అమ్మవలదందురా?" అని అడిగెను. మేము, "ఇప్పుడే వలదు" అంటిమి. ఆయన కుమారుడు ప్రస్తుతము మన పట్టణముననే విద్యుత్తుపని చేయుచు, సాయంకాలములందు ఇంగ్లీషు నేర్చుకొనుచున్నాడు. ఏ దేశమునకు పోవునో యింకను నిశ్చయింపలేదు. ఈ సంవత్సరము ఆ రెండెకరములలో వరి వేసిరి.